పాత టర్బో హ్యాచ్‌బ్యాక్ కొనాలంటే తెల్లవారుజామునే వెళ్లు, ఇంజన్ చల్లగా ఉండగా చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శ్రీకాకుళంలో ఉంటావు, ఉద్యోగానికి రోజూ ఎచ్చెర్ల వెళ్లి వస్తావు, నెలకు రెండుసార్లు విశాఖ ప్రయాణం ఉంటుంది. ఆరు లక్షల లోపు మంచి పికప్ ఉన్న చిన్న కారు కావాలి. ఇప్పటికి రెండు కార్లు నచ్చాయి. ఒకటి విశాఖలో ఉన్న 2017 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 68 వేల కిలోమీటర్లు తిరిగింది, రెండో యజమాని అమ్ముతున్నాడు. ఇంకొకటి బరంపురంలో ఉన్న 2018 మారుతి బాలెనో ఆర్ఎస్. 51 వేల కిలోమీటర్లు, ఒకే యజమాని, ఒడిశా నంబరు. ఏది తీసుకోవాలి, ఏమేమి చూసుకోవాలి అని అడిగావు.

నేను సాలూరులో లారీల షెడ్డులో పానాలు అందిస్తూ పని నేర్చుకున్నవాడిని. ఇరవై రెండేళ్లుగా విజయనగరంలో సొంత షెడ్డు నడుపుతున్నాను. కొనేవాళ్ల తరఫున కార్లు చూసిపెట్టడం నా పనిలో సగం. టర్బో ఉన్న చిన్న కార్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందుకే కాస్త ఎక్కువే రాస్తున్నాను, ఓపికగా చదువు.

మామూలు చిన్న కారు కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే. ఇలాంటి కారు దగ్గర ఆ అంకె చెప్పేది చాలా తక్కువ. దీన్ని మొదట కొన్నవాడు పికప్ కోసమే కొన్నాడు. ఇంటిల్లిపాదీ తిరగడానికైతే అదే డబ్బుకు ఇంకా పెద్ద కారు వచ్చేది. కాబట్టి యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కే ఉంటాడు. అందులో తప్పేమీ లేదు, ఆ ఇంజన్ తయారైందే అందుకు. ఎప్పుడు తొక్కాడన్నదే నేను పట్టించుకునేది. ఇంజన్ వేడెక్కకముందే తొక్కేవాడా? హైవే మీద గంటసేపు పరుగెత్తించి వచ్చి, ఇంటి ముందు ఆపగానే తాళం తిప్పేసేవాడా? ఆయిల్ ఎన్ని నెలలకు మార్పించాడు? వీటికి జవాబు దొరికితే 90 వేలు తిరిగిన కారైనా ధైర్యంగా కొనమంటాను. దొరక్కపోతే 30 వేలు తిరిగినదాన్నీ వద్దంటాను.

ఎందుకో చెబుతాను. టర్బో అంటే ఇంజన్ నుంచి వచ్చే పొగ తోసే చిన్న చక్రం. పొగ ఒకవైపు చక్రాన్ని తిప్పితే, అదే ఇరుసు మీద రెండోవైపున్న చక్రం గాలిని ఇంజన్‌లోకి నెడుతుంది. పూర్తి జోరులో ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని మోసేది పలుచని ఆయిల్ పొర. వేడి మీద ఉన్న ఇంజన్‌ను ఉన్నట్టుండి ఆపితే ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది, ఇరుసు దగ్గర చిక్కుకున్న ఆయిల్ కాలి నల్లటి మసిగా గట్టిపడుతుంది. ఆపాక కూడా నీళ్లు తిప్పే చిన్న పంపు కొన్ని కార్లలో ఉంటుంది, కానీ అది తిప్పేది కూలెంట్‌నే. ఏళ్ల తరబడి ఇలా జరిగితే ఆయిల్ దారి ఇరుకై, ఇరుసు ఊగడం మొదలవుతుంది. ఇది ఒక్కరోజులో వచ్చే జబ్బు కాదు. కారు నీ చేతికి వచ్చిన ఆరు నెలలకు బయటపడుతుంది.

నాలుగేళ్ల క్రితం ఒక కుర్రాడి కోసం నెల్లిమర్ల వైపు ఒక కాలేజీ లెక్చరర్ గారి కారు చూడటానికి వెళ్లాను. మేము వెళ్లేసరికి ఆయన ఊళ్లో లేరు, పది నిమిషాల తర్వాత హైవే మీదుగా కారులోనే వచ్చారు. ఇంటి ముందు ఆపి, అద్దం దించి, మమ్మల్ని పలకరించారు. మాట్లాడుతూనే ఉన్నారు గానీ తాళం మీద చెయ్యి వేయలేదు. నిమిషం పైనే ఇంజన్‌ను అలా మెల్లగా తిరగనిచ్చి, అప్పుడు ఆపి దిగారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అది చేతికి పట్టిన అలవాటు. ఆ తర్వాత నేను చేసిన ప్రతి పరీక్షలోనూ కారు నిలబడింది. ఆ కుర్రాడు దాన్ని ఇప్పటికీ నడుపుతున్నాడు, టర్బో మీద రూపాయి ఖర్చు పెట్టలేదు. అందుకే అమ్మేవాడు కారు ఎలా తెచ్చి ఆపుతాడో, ఎలా స్టార్ట్ చేస్తాడో చూడమంటాను. స్టార్ట్ చేసిన వెంటనే దడదడా యాక్సిలరేటర్ తొక్కి "సౌండ్ చూడండి సార్" అంటే ఆ కారు అక్కడే వదిలెయ్.

ఇక చూడటం దగ్గరికి వద్దాం. ముందురోజు రాత్రి ఫోన్ చేసి, "రేపు ఉదయం ఆరింటికి వస్తాను, అప్పటిదాకా కారు స్టార్ట్ చేయకండి" అని గట్టిగా చెప్పు. వెళ్లగానే పలకరింపుల కంటే ముందు అరచెయ్యి బానెట్ మీద పెట్టు. వేసవిలో అయినా ఆ వేళకు ఇనుము చల్లగానే ఉండాలి. వెచ్చగా తగిలిందంటే నువ్వు వచ్చేలోపు స్టార్ట్ చేసి వేడెక్కించారన్నమాట. చల్లటి ఇంజన్ చెప్పే నిజం వేడెక్కిన ఇంజన్ చెప్పదు. అలాంటప్పుడు గొడవపడకు, "ఇప్పుడు వేరే పనుంది, రేపు ఇదే వేళకు మళ్లీ వస్తాను" అని వచ్చెయ్.

బానెట్ ఎత్తి ముందు డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల తీయి. ఆయిల్ నల్లబడినా పర్వాలేదు, మట్టం తక్కువగా ఉంటే మాత్రం ఆలోచించాలి. అమ్మకానికి పెట్టిన కారులో ఆయిల్ మట్టమైనా చూసుకోని మనిషి అంతకుముందు ఏం చూసుకుని ఉంటాడు? ఆయిల్ పోసే మూత విప్పి అడుగువైపు చూడు. గోధుమరంగు పలుచని పొర మామూలే. వేలితో గీకితే తారులా ఊడివస్తే, ఆయిల్ మార్పులు ఎగ్గొట్టారని అర్థం. మీగడలా తెల్లటి నురగ కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయని అనుమానించాలి. రోజూ కిలోమీటరో రెండో మాత్రమే తిరిగే కారులో, చలికాలంలో మూత దగ్గర కాస్త తేమ చేరవచ్చు. తేడా తెలియాలంటే కూలెంట్ డబ్బా కూడా చూడు, అందులో జిడ్డు తేలకూడదు. పోలోలో కూలెంట్ గులాబీ రంగులో ఉంటుంది. పంపు చుట్టూ, పైపుల అతుకుల దగ్గర ఆ రంగు ఎండి పొడిలా పట్టి ఉంటే ఎక్కడో కారుతోందన్నమాట.

ఇప్పుడు స్టార్ట్ చేయించు. నువ్వు లోపల కూర్చోకు, బయట బానెట్ పక్కన నిలబడు. వెంట వచ్చిన మనిషిని సైలెన్సర్ వెనక నిలబెట్టు. మొదటి మూడు సెకన్లు ప్రాణం పెట్టి విను. డబ్బాలో గొలుసు ఊపినట్టు గలగల శబ్దం వచ్చి ఆగిపోతే, టైమింగ్ చైను సాగి ఉండవచ్చు, లేదా దాన్ని బిగించే భాగం అరిగి ఉండవచ్చు. కొన్ని ఇంజన్లలో చైను ఉంటుంది, కొన్నింటిలో బెల్టు. నీ కారులో ఏది ఉందో చాసిస్ నంబరుతో కంపెనీ వర్క్‌షాపులో అడుగు. బెల్టు అయితే మార్చిన బిల్లు చూపించమను. సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి వచ్చి మాయమైతే అది మంచు తేమే. నీలం రంగు పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. స్టార్ట్ అయిన మొదటి నిమిషం ఇంజన్ కుంటుతూ, వణుకుతూ తిరిగి, వేడెక్కాక సర్దుకుంటే ఇంకో సంగతి చూడాలి. నువ్వు చూసిన రెండు ఇంజన్లలోనూ పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది. పాత పద్ధతిలో పెట్రోలు వాల్వుల మీదుగా పోతూ వాటిని కడిగేది. ఇక్కడ ఆ కడుగుడు లేదు కాబట్టి, లోపలికి గాలి తీసుకునే వాల్వుల వెనక మసి పేరుకుంటుంది. శుభ్రం చేయించవచ్చు, కానీ పైభాగం విప్పాల్సిన పని. దాని ఖర్చు ధరలో తగ్గించమని అడుగు.

గాలి పైపులు కూడా చూడు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే జాలీకి) వెళ్లే పైపు బిగింపు వదులు చేసి లోపల వేలు పెడితే పలుచగా జిడ్డు తగలడం సహజమే. ఆయిల్ నిలిచి, పైపు వంచగానే బొట్లుగా కారితే టర్బో సీలు పోయినట్టు. విప్పడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే, కనీసం అతుకుల దగ్గర తడి దుమ్ము పట్టి ఉందేమో టార్చి వేసి చూడు. పది కిలోమీటర్లు నడిపి వచ్చాక, రెండు మూడు నిమిషాలు మెల్లగా తిరగనిచ్చి, అప్పుడు ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కించు. అప్పుడు నీలం పొగ గుప్పుమంటే టర్బో గానీ వాల్వు సీళ్లు గానీ అరిగాయి.

ఇలాంటి కార్లకే ప్రత్యేకంగా వచ్చే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. టర్బో ఇంజన్‌లో కంప్యూటర్ లెక్కలు మార్చి బలం పెంచడం తేలిక. దాన్ని రీమ్యాప్ అంటారు. లాప్‌టాప్ తగిలించి అరగంటలో చేసేస్తారు, అమ్మేముందు మళ్లీ అరగంటలో మొదటి లెక్కలు ఎక్కించేస్తారు. కారు చూస్తే ఏమీ తెలియదు. కానీ ఆ మధ్యకాలంలో క్లచ్చూ, గేర్‌బాక్సూ, టర్బో మోసిన భారం మాత్రం చెరిగిపోదు. ఆనవాళ్లు వెతకాలి. ఎయిర్‌ఫిల్టర్ పెట్టె స్క్రూల తలలు అరిగి ఉన్నాయా? పైపుల మీద కంపెనీ బిగింపుల బదులు బజారు క్లిప్పులు ఉన్నాయా? పాత బిగింపు పడిన చోట రబ్బరు మీద గాడి కనిపిస్తోందా? డ్యాష్‌బోర్డు మీద ఏదో మీటరు అంటించి పీకిన జిగురు మరక ఉందా? సైలెన్సర్ బోల్టులు ఒక్కటే కొత్తగా మెరుస్తున్నాయా? అమ్మేవాణ్ని కూడా సూటిగా అడుగు, కోపం తెచ్చుకోకుండా అడుగు. నిజం చెప్పేవాడు తప్పక ఉంటాడు. "రీమ్యాప్ చేయించాను, ఫలానా చోట, ఆ తర్వాత ఆయిల్ ఐదు వేలకే మార్పించాను" అని బిల్లులు చూపించిన మనిషి కారు, ఏమీ చేయలేదని ఒట్టేసిన మనిషి కారు కంటే నయం. సైలెన్సర్, బాడీ లాంటివి మార్చి ఉంటే చట్టపరమైన చిక్కు కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు నిర్మాణానికి తేడాగా మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఇదే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ మొదట పట్టుకునేది ఇలాంటి మార్పులనే.

నీ పోలో సంగతి. 1.2 లీటర్ల టర్బో, 105 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), 175 న్యూటన్ మీటర్ల టార్క్. హైవే మీద దాని పరుగు చూస్తే ఎవరికైనా మనసు పోతుంది, నాకూ పోతుంది. దాని బలహీనత ఇంజన్ కంటే గేర్‌బాక్సులో ఎక్కువ. డీఎస్‌జీ అనే ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులో రెండు పొడి క్లచ్చులుంటాయి, వాటిని నడిపించేది మెకట్రానిక్ అనే యూనిట్. పొడి క్లచ్చుకు పనికిరానిది పాకడం. ట్రాఫిక్‌లో అడుగడుగూ కదలడం, ఎత్తు మీద బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్‌తోనే కారును నిలబెట్టడం దాన్ని కాల్చేస్తాయి. విశాఖలో రెండూ ఉన్నాయి, మద్దిలపాలెం ట్రాఫిక్కూ ఉంది, హనుమంతవాక ఎత్తూ ఉంది. అందుకే ఆ యజమాని రోజూ ఏ దారిలో, ఏ వేళకు ఆఫీసుకు వెళ్లేవాడో అడిగి తెలుసుకో. ఈ ప్రశ్నకు జవాబు 68 వేల అంకె కంటే విలువైనది.

పరీక్ష ఇలా చెయ్. చదును రోడ్డు మీద డీలో పెట్టి బ్రేకు వదులు, యాక్సిలరేటర్ తాకకు. కారు నీళ్ల మీద పడవలా జారాలి. గుర్రంలా తలాడిస్తూ కదిలితే క్లచ్చు అరిగింది. ఎత్తున్న వీధిలో వెనక్కి ఎక్కించు, రివర్సులో వణుకు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నడక వేగంలో వెళుతూ, ఆగబోయి మళ్లీ కదిలించు. రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు ఠక్కున దెబ్బ కొడుతోందా? మీటరులో గేరు అంకె మిణుకుమిణుకుమంటోందా, పానా గుర్తు వెలుగుతోందా? వెలిగితే ఇక చూడనక్కర్లేదు. ఇవన్నీ బాగున్నా సరే, విశాఖలో కంపెనీ వర్క్‌షాపుకు తీసుకెళ్లి, క్లచ్చులు ఎంత మిగిలాయో వాళ్ల కంప్యూటర్‌లో చదివించు. దానికి అయ్యే ఖర్చు నువ్వే పెట్టుకో. మెకట్రానిక్ గానీ క్లచ్చు గానీ ఇదివరకే మార్చి, బిల్లు ఉందంటే ఆ కారు విలువ పెరిగిందనే నేను లెక్కిస్తాను.

బాలెనో ఆర్ఎస్ విషయంలో తలనొప్పి తక్కువ. 998 సీసీ బూస్టర్‌జెట్ టర్బో, 102 పీఎస్, 150 న్యూటన్ మీటర్లు, ఐదు గేర్లు, చేత్తో వేసుకునేవే. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. 2017 మార్చిలో వచ్చి 2020లో ఆగిపోయింది. బాడీ భాగాలు మామూలు బాలెనోవే కాబట్టి శ్రీకాకుళంలోనే దొరుకుతాయి. ఇంజన్ భాగాలు మాత్రం అడిగిన రోజే రావు, తెప్పించాలి. దీంట్లో నువ్వు తప్పక చూడాల్సింది ఒకటుంది. బ్రేకుకు బలాన్నిచ్చే వాక్యూమ్ పంపులో లోపం ఉండవచ్చని 2023 ఏప్రిల్‌లో కంపెనీ 7,213 ఆర్ఎస్ కార్లను వెనక్కి పిలిచింది. 2016 అక్టోబరు 27 నుంచి 2019 నవంబరు 1 దాకా తయారైనవి. అంటే నువ్వు చూసిన 2018 కారు అందులో ఉండే అవకాశం చాలా ఎక్కువ. లోపం ఉంటే బ్రేకు పెడల్ మామూలు కంటే గట్టిగా తొక్కాల్సి వస్తుంది. చాసిస్ నంబరు తీసుకుని మారుతి సర్వీసు సెంటర్‌లో అడిగితే ఆ పని జరిగిందో లేదో నిమిషంలో చెబుతారు. జరగకపోతే కొనేముందు వాళ్ల చేతే చేయించమను, దానికి డబ్బు తీసుకోరు. క్లచ్చు పరీక్ష తేలిక. ఖాళీ రోడ్డులో నాలుగో గేరులో నెమ్మదిగా వెళుతూ ఒక్కసారిగా పూర్తిగా తొక్కు. ఇంజన్ చుట్లు పైకి ఎగిసి, కారు వేగం మాత్రం అందుకోకపోతే క్లచ్చు జారుతోంది.

పోలోలో డీజిల్ జీటీ టీడీఐ, ఫియట్ అబార్త్ పుంటో కూడా ఎవరైనా చూపించవచ్చు. అబార్త్ 145 హార్స్‌పవర్ బండి, నడిపితే మర్చిపోలేవు. కానీ కంపెనీయే దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఒక్క చిన్న భాగం కోసం వారాలు ఎదురుచూడాలి. ఇంట్లో ఇంకో కారు ఉన్నవాళ్లకే అది.

నీళ్లలో మునిగిన కారు గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నేనే దెబ్బతిన్నాను. మా బావమరిది కోసం వేరే ఊరి వ్యాపారి దగ్గర బూడిదరంగు హ్యాచ్‌బ్యాక్ ఒకటి తీసుకున్నాను. ఇంజన్ చూశాను, పొగ చూశాను, నడిపాను, అన్నీ బాగున్నాయి. సీట్లకు కొత్త కవర్లు, లోపల మంచి వాసన. మొదటి వానకే గజపతినగరం దగ్గర వైపర్లు వాటంతటవే తిరగడం మొదలుపెట్టాయి, ఆపితే ఆగలేదు. షెడ్డుకు తెచ్చి సీట్లు విప్పాను. వెనక సీటుబెల్టును పూర్తిగా, చివరిదాకా లాగాను. మామూలుగా ఎవరూ అంతదాకా లాగరు. చివరి మూరెడు మేర బెల్టు మీద సన్నటి మట్టి గీత, పైన తెలుపు, కింద గోధుమరంగు, స్కేలుతో గీసినట్టు. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ గీత చెప్పింది. కార్పెట్ కింద స్పాంజి పిండితే ఇంకా తేమే. పైన పటారం, లోన లొటారం. తప్పు నాదే, బెల్టు ఆ రోజే లాగి ఉండాల్సింది. అప్పటినుంచి ఏ కారులో కూర్చున్నా నేను మొదట చేసే పని నాలుగు బెల్టులూ చివరిదాకా లాగడం. సీటు కింద ఇనుప పట్టీల తుప్పు, స్టెప్నీ పెట్టే గుంతలో ఇసుక, హెడ్‌లైట్ అద్దం లోపల తేమ, ఫ్యూజు పెట్టెలో పచ్చటి చిలుము, ఇవన్నీ ఆ తర్వాత.

మన ప్రాంతానికి ఇది మరీ అవసరం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, గంజాం, గజపతి జిల్లాలూ దెబ్బతిన్నాయి. నీ బాలెనో అప్పటికే రోడ్డెక్కి ఉంటే ఆ వారం ఎక్కడుందో అడుగు. నీళ్లే కాదు, చెట్టు కొమ్మలు పడి పైకప్పు సొట్టపోయిన కార్లు కూడా చాలా ఉన్నాయి. పోలో మొదటి యజమాని ఏ ఊరివాడో కూడా కనుక్కో. హైదరాబాద్‌ను 2020 అక్టోబరులో, విజయవాడను 2024 సెప్టెంబరులో వరద ముంచింది, అక్కడి కార్లు ఎన్నో చేతులు మారి అన్ని ఊళ్లకూ వచ్చాయి. ఇక సముద్రపు గాలి. విశాఖలో బీచ్ పక్కన ఆరుబయట పెట్టిన కారుకు, గోపాల్‌పూర్ తీరంలో ఉన్న కారుకు కింది భాగం త్వరగా తుప్పు పడుతుంది. లిఫ్టు మీద ఎత్తించి చూడాల్సిందే, వంగి చూస్తే తెలియదు.

బాడీ గురించి ఎక్కువ చెప్పను, మీ ఊళ్లో నమ్మకమైన టింకరింగ్ మనిషిని వెంట తీసుకెళ్లు. వేలితో తడిమి రంగు మందం చెప్పేవాళ్లు ఉన్నారు. నువ్వు చూడాల్సింది బానెట్ బోల్టుల మీద పానా గాట్లు, ముందు రేడియేటర్‌ను పట్టుకునే పట్టీ వంకర, అన్ని అద్దాల మీదా ఒకే సంవత్సరం ముద్ర ఉందా లేదా అన్నది. టైర్ల పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటినవైతే గీతలు ఎంత లోతుగా ఉన్నా కొత్త టైర్ల ఖర్చు బేరంలో పెట్టు. లోపలి అంచు ఒక్కటే అరిగి ఉంటే సస్పెన్షన్‌లో ఏదో వంగింది. నాలుగు టైర్లు నాలుగు కంపెనీలవి వేసినవాడు ఆయిల్ దగ్గరా అలాగే సర్దుకుని ఉంటాడు.

వెయ్యి, పదిహేను వందలకు దొరికే చిన్న స్కానర్ ఒకటి కొనుక్కో. స్టీరింగ్ కింద గుచ్చితే నీ ఫోనులో కనిపిస్తుంది. అందరూ లోపాల కోడ్‌లు మాత్రమే చూసి, ఏమీ లేవని సంతోషిస్తారు. కోడ్‌లు చెరపడం ఒక్క బటన్ పని. కోడ్‌లు చెరిపిన తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పే వరుస ఒకటి అందులోనే ఉంటుంది, అది వెతుకు. నెలల తరబడి ఎవరూ కోడ్‌లు చెరపని కారులో అక్కడ వేలల్లో అంకె ఉంటుంది. 12 అనో 30 అనో ఉందంటే, నువ్వు వస్తున్నావని తెలిశాకే చెరిపారు. పెట్రోలు సర్దుబాటు శాతం అని ఇంకో వరుస ఉంటుంది. ఇంజన్ వేడి మీద అది పదికి మించి అటో ఇటో పోతుంటే గాలి ఎక్కడో కారుతోంది, లేదా ఇంజెక్టర్లలో తేడా ఉంది.

నడిపి చూసేది ఊళ్లో పది నిమిషాలైతే ఏమీ తెలియదు. పోలో అయితే ముందు విశాఖ ట్రాఫిక్‌లో అరగంట, తర్వాత ఆనందపురం దాటి భోగాపురం వైపు హైవే. వేగ పరిమితి లోపలే, మూడో గేరులో నెమ్మదిగా మొదలుపెట్టి పూర్తిగా తొక్కు. టర్బో బలం ఒకే ధారగా రావాలి. మధ్యలో విరిగినట్టు, ఎవరో వెనక్కి లాగినట్టు అనిపిస్తే లోపం ఉంది. హైవే మీద బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే డిస్కులు వంగాయి. దిగాక బానెట్ ఎత్తి వాసన చూడు. కాలిన ఆయిల్ వాసన, కూలెంట్ తీపి వాసన, రెండూ ఉండకూడదు.

కాగితాల సంగతి. విశాఖ కారు మన రాష్ట్రానిదే కాబట్టి ఫారం 29, 30తో పేరు మారుతుంది. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో తెలియజేయాలి. బ్యాంకు అప్పు ఉండి తీరిపోతే ఫారం 35తో ఆర్‌సీలో ఆ పేరు తీయించే బాధ్యత అమ్మేవాడిదే, అది అయ్యేదాకా పూర్తి డబ్బు ఇవ్వకు. బరంపురం కారు ఓడీ 07 నంబరుతో వస్తుంది. అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం రావాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. ఏడాదికి మించి వేరే రాష్ట్రం నంబరుతో ఇక్కడ తిప్పడం చట్టం ఒప్పుకోదు. పన్ను ఎంతవుతుందో శ్రీకాకుళం రవాణా శాఖ ఆఫీసులో ముందే అడిగి, అది కలిపితే కారు ఎంతకు పడుతుందో లెక్క వేసుకున్నాకే బేరమాడు. చలానాలు ప్రభుత్వ వెబ్‌సైట్ పరివాహన్‌లో చూడు. బీమా కాగితం మీద నో క్లెయిమ్ బోనస్ శాతం చూడటం మర్చిపోకు. వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం ఉంటుంది. సున్నా ఉంటే క్రితం ఏడాది క్లెయిమ్ చేసి ఉండవచ్చు, దేనికో అడుగు. ఆ బోనస్ మనిషిది, కారుతో పాటు నీకు రాదు. బీమా నీ పేరుకు 14 రోజుల్లో మార్పించుకో.

నా మాట అడిగావు కాబట్టి చెబుతాను. శ్రీకాకుళంలో ఉంటూ పోలో తీసుకుంటే, గేర్‌బాక్సు మొరాయించిన రోజు కారును వంద కిలోమీటర్లకు పైగా విశాఖకు లారీ మీద ఎక్కించాల్సి వస్తుంది. గేర్‌బాక్సు పని చేయించిన బిల్లు, ఏటా ఆయిల్ మార్చిన బిల్లులు ఉంటేనే దాని వైపు చూడు. కంపెనీ 15 వేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చమంటుంది, నేనైతే ఏడున్నర వేలకే మారుస్తాను. అలా మార్చిన యజమాని దొరికితే రెండో ఆలోచన వద్దు. లేదంటే బాలెనో ఆర్ఎస్ నీ రోజువారీ ఎచ్చెర్ల తిరుగుడుకు సరైన కారు. పికప్‌లో తేడా ఉంటుంది, కాదనను, కానీ మీ శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దాటేలోపు సర్వీసు దొరుకుతుంది. ఏది కొన్నా ధరలో పదో వంతు పక్కన పెట్టుకో. మొదటి నెలలోనే ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేకు ఆయిల్, కూలెంట్ అన్నీ మార్చి లెక్క కొత్తగా మొదలుపెట్టాలి.

బరంపురం బయల్దేరే ముందు చాసిస్ నంబరు వాట్సాప్‌లో తెప్పించుకుని ఆ బ్రేకు పంపు సంగతి తేల్చుకో, లేకపోతే అంత దూరం వెళ్లడం వృథా. ఉదయం ఆరింటికి అక్కడుండాలంటే ముందురోజు రాత్రే చేరి ఇచ్ఛాపురంలో ఉండిపో. ఆయిల్ మూత అడుగు భాగం, స్కానర్‌లో కోడ్‌లు చెరిపిన వరుస, బయటికి లాగిన సీటుబెల్టుల చివర్లు, ఈ మూడింటి ఫొటోలు తీసి ఇక్కడే పెట్టు. అడ్వాన్సు ఇచ్చేలోపు నేను చూసి చెబుతాను.